అమ్మ మెడలో సవతి బిళ్ళ

స్కానింగు గదిలోకి బంగారం, వెండి, ఇనుము ఏదీ పోకూడదట. ఆ నర్సు పిల్ల నా చేతిలో ఒక స్టీలు గిన్నె పెట్టి, "మేడమ్, అమ్మమ్మ మెడల, చేతుల ఏమున్నా తీసి దీంట్ల ఏయుండ్రి" అని వెళ్ళిపోయింది. గాజులు సబ్బు నురగతో వచ్చాయి. ముక్కుపుల్ల వచ్చింది. మెడలో నల్లదారం మాత్రం రానంది. ఏళ్ళ తరబడి నూనె, పసుపు, చెమట తాగి ఆ ముడి రాయిలా బిగుసుకుపోయింది. చివరికి కత్తెర అడిగి తెచ్చి నేనే కోశాను. దారం తెగగానే బిళ్ళ గిన్నెలో పడి ఖంగుమంది. ఇంత ముసలిదాన్నయ్యాను గానీ ఆ చప్పుడు నేను ఎన్నడూ వినలేదు. అమ్మ ఒంటిని విడిచి అది ఇంకోచోట ఉండటం చూడటమే మొదటిసారి. అమ్మ మాత్రం నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, బోసిపోయిన మెడను వేళ్ళతో తడుముకుంటోంది. ఏం పోయిందో ఆమెకు తెలియదు. ఏదో పోయిందని మాత్రం తెలుసు.

ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. మొదటి భార్య చనిపోయాక మగవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, వచ్చిన పిల్ల మెడలో పుస్తెల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఒకటి కడతారు. దాని మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. అదే సవతి బిళ్ళ. పోయినామె అందులో ఉంటుందని నమ్మకం. ఆమెకు పెట్టకుండా తినకూడదు, ఆమెకు చూపించకుండా కొత్తచీర కట్టకూడదు. మా అమ్మ మా బాపుకు రెండో భార్య. మొదటి ఆమె పేరు అండాలు. నేను పుట్టకముందే పోయింది. ఆమె ఫొటో లేదు. ఫొటోలు దిగే ఇల్లా మాది? బర్లు మేపుకుని పాలు పోసుకునే ఇల్లు.

మామూలుగా బంగారం పని చేసే అవుసులాయన రేకు మీద ఆడబొమ్మ కొట్టి ఇస్తాడు. అండాలు విషయంలో ఆ పని పడలేదు. ఆమె పుట్టిల్లు నల్గొండ దిక్కు పల్లె. వాళ్ళింట్లో తాతలనాటి పుతలీల పేరు, అంటే దండ, ఒకటి ఉండేది; పెళ్ళిలో అది అండాలు మెడలో వేశారు. పుతలీలంటే బంగారు నాణేలే, దారానికి గుచ్చి మెడలో వేసుకునేవి. కూతురు పోయాక వాళ్ళమ్మ ఆ పేరు వెనక్కి తీసుకుంటూ, ఒక్క నాణెం మాత్రం తెంపి బాపు చేతిలో పెట్టిందట. "అచ్చే పిల్ల మెడల ఏయి కొడుకా, నా బిడ్డ నీ ఇంట్లనే ఉంటది" అందట. ఆ నాణెం మీద పక్కకు తిరిగిన ఒక ఆడమనిషి ముఖం ఉంది. తలపైన సరిగ్గా నడినెత్తిన గుండ్రంగా చుట్ట. ఆ చుట్టకు పైన, దారం పోయేందుకు రెండు చిన్న చిల్లులు. బాపు దాన్ని చూసి, "ఇంక బొమ్మ కొట్టుడెందుకు? ఇది అండాలే. నెత్తి మీద సుట్టబట్ట గూడ ఉన్నది సూడుండ్రి" అన్నాడట. కుండ జారకుండా నెత్తి మీద పెట్టుకునే గుడ్డచుట్టే సుట్టబట్ట. అండాలు రోజూ తెల్లారకముందే జల్‌పల్లి దిక్కు పోయి, అక్కడి ఇళ్ళలో పాలు పోయించుకుని, నిండుకుండ నెత్తిన పెట్టుకుని బహదూర్‌పురా దాకా నడిచి వచ్చేది. అందుకని ఆ ముఖం ఆమెదే అయింది. ఎవరూ కాదనలేదు.

బహదూర్‌పురాలో మా ఇంటి ముందు వాకిలి, వెనక బర్ల కొట్టం. జూ పక్కనే కాబట్టి తెల్లవారుజామున సింహం అరిచేది. అది అరిచిందంటే మా నల్లబర్రె చేపు ఆపేసేది, ఒక్క చుక్క దించేది కాదు. "నీ సింహం సల్లగుండ, నా పాలు వాపస్ ఇయ్యి" అని బాపు గోడ వైపు తిరిగి తిట్టేవాడు. పేడ, పచ్చిగడ్డి, కాగుతున్న పాలు, పిడకల పొగ, ఇవన్నీ కలిసిన వాసనలో మేం పెరిగాం. బాపు సైకిలుకు క్యాన్లు కట్టి నయాపూల్ దాకా హోటళ్ళకు పాలు పోసి వచ్చేసరికి పొద్దెక్కేది. అప్పుడు అమ్మ తినడానికి కూర్చునేది. మొదటి ముద్ద కలిపి, మెడలో బిళ్ళకు తాకించి, పళ్ళెం అంచున పెట్టేది. అది అక్క ముద్ద, అండాలుది. తర్వాత కాకులకు పోయేది. మేం ఆకలితో దాని మీద చెయ్యి వేస్తే చేతి మీద ఒక్కటి పడేది. పోయినవాళ్ళకు పెట్టుకునే పెత్రమాస నాడైతే అక్కకు వేరే విస్తరి, వేరే చీర. చీర పీట మీద పెట్టి, బిళ్ళను దాని మీదికి వంచి, "సూస్కోయే, నచ్చిందా?" అని అడిగి అప్పుడు తాను కట్టుకునేది.

అంతా భక్తే అనుకునేరు. అమ్మ ఆ బిళ్ళతో తగువు కూడా పడేది. కూరలో ఉప్పెక్కువైతే, "అక్కా, సూస్కుంట కూసున్నవ్, జర చెప్పరాదా?" అనేది. బాపు మీద కోపమొస్తే బిళ్ళను కళ్ళ ముందుకెత్తి పట్టుకుని, "నువ్వైతే సుఖంగ వోయినవ్. ఈ మనిషిని, ఈ బర్లను నా నెత్తినేసినవ్" అని దులిపేది. శుక్రవారం కుంకుడురసంతో మెడ రుద్దుకునేటప్పుడు బిళ్ళకూ అంతే రుద్దుడు. పీచుతో రెండు పక్కలా, వాళ్ళక్క వీపు తోముతున్నట్టే. పైన పసుపు. అట్లా ఎన్ని శుక్రవారాలు పోయాయో! నేనప్పుడు చిన్నదాన్ని, బంగారం కూడా అరుగుతుందని నాకేం తెలుసు?

సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఒక ప్రభుత్వ మ్యూజియంలో నాణేల గదిలో ఉద్యోగంలో చేరాను. నాణెం అంటే పాలవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, చెల్లుతుందా చెల్లదా అన్నదే తెలుసు. నాకు పని నేర్పింది మా సాబ్. తెల్ల గడ్డం, ఇస్త్రీ షేర్వానీ, జేబులో ఎప్పుడూ యాలకులు. రోమను నాణేల గుట్ట నా ముందు పోసి, అలమార నిండా ఉన్న లావు కేటలాగులు చూపించాడు. ఒక్కో సంపుటం ఒక్కో పసిపిల్లంత బరువు. ముందు రాజులు, ఆ రాజుల వెనక వాళ్ళ భార్యలు, చివర ప్లేట్లు. ప్లేట్లంటే నాణేలకు పోసిన సుద్ద అచ్చుల ఫొటోలు. "దేఖో సుగుణమ్మా," అనేవాడు, "రాజైతే గడ్డం సూడాలె, రాణైతే కొప్పు సూడాలె. రాతలు తర్వాత. రాతలు అరుగుతయి, కొప్పు జల్దీ అరగదు." రాజు నాణెం మీద ఆ రాజు ఏ పదవి ఎన్నోసారి తీసుకున్నాడో అంకెలుంటాయి. ఆ అంకెలు పట్టుకుని పుస్తకంలోకి వెళితే ఏ ఏడాది కొట్టిందో దొరికేది. దొరికినప్పుడు నాకు ఎంత సంబరమో! రాణుల దగ్గరే చిక్కు. వాళ్ళకు ఆ అంకెలుండవు. "మరి రాణులకు కాలం ఎట్ల తెలుస్తది సాబ్?" అని అడిగాను. ఆయన ఒక యాలక్కాయ నోట్లో వేసుకుని, "రాణులకు రెండే కాలాలమ్మా. ఉన్నప్పుడు, పోయినంక" అన్నాడు. కొందరు రాజులు భార్య చనిపోతే ఆమెను దేవతను చేసి, ఆమె ముఖంతో నాణేలు కొట్టించేవారట. వెనక వైపు బొమ్మ చూస్తే ఉన్నప్పటిదా పోయినంకదా తేలుతుందట.

ఒకనాడు మధ్యాహ్నం ప్లేట్లు తిప్పుతున్నాను. ఒక పేజీ నిండా ఒకే రాణి. జడలల్లి తలచుట్టూ తిప్పి, నడినెత్తిన గుండ్రంగా చుట్టిన కొప్పు. గద్ద ముక్కు కాదు, మెత్తని ముక్కు. కింది పెదవి కొంచెం ముందుకు. నా చెయ్యి ఆగిపోయింది. ఆ ముఖం నేను పాలు తాగేటప్పటి నుంచి చూసిన ముఖం. అమ్మ నన్ను ఎత్తుకున్నప్పుడల్లా నా చెంపకు తగిలిన ముఖం. "సాబ్, ఈమె మా ఇంట్ల ఉన్నది" అన్నాను, తలపైన చిల్లుల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. మన దిక్కు నేలలో ఇట్లాంటివి అప్పుడప్పుడు దొరికాయనీ, తలపైన రెండు చిల్లులు మనవాళ్ళు వేసుకున్నవేననీ చెప్పాడు. రోము నాణేలను చూసి మనవాళ్ళే కొట్టుకున్న నకళ్ళు కూడా చాలా ఉన్నాయన్నాడు. "తూకం కావాలె, వెనక బొమ్మ కావాలె. గంత దాకా బహుశా అని రాయి. పక్కా అని రాయకు" అన్నాడు.

భూతద్దం అడుక్కుని ఇంటికి పరుగెత్తాను. దారం విప్పమంటే అమ్మ ససేమిరా అంది. "మొగుడు బతికుండంగ సవతి బిళ్ళ ఇప్పుతరా? సదువుకున్నవా, మతిపోగొట్టుకున్నవా?" సరే, మెడ మీదే చూస్తానన్నాను. వాకిట్లో నులకమంచం మీద అమ్మ గడ్డమెత్తి కూర్చుంది. నేను ఆమె రొమ్ముకు ముఖమానించి భూతద్దం పెట్టుకున్నాను. "జల్ది సూడే, పాలు పొంగుతున్నయ్" అంటూనే ఊపిరి బిగబట్టింది. అదే సమయానికి బాపు వచ్చి, "ఏం సూస్తున్రు తల్లీబిడ్డలు?" అన్నాడు. అమ్మ తల దించకుండానే, "ఏం లేదు, నీ పెద్దపెండ్లాం నెత్తిల పేన్లు సూస్తున్నం" అంది. బాపు తువ్వాలు దులుపుకుంటూ కొట్టంలోకి పోయాడు. కొప్పు ఆ ప్లేటులోదే. అనుమానం లేదు. చుట్టూ రాతలు పసుపు కింద గీతలుగా మిగిలాయి. బిళ్ళను వెనక్కి తిప్పాను. వెనక ఏమీ లేదు. ఇన్నేళ్ళూ అమ్మ ఒంటికి రాసుకుని, శుక్రవారాల పీచుకు అరిగి, అరచెయ్యిలా నున్నగా అయిపోయింది.

"చెప్పు మరి, ఎవరంట?" అంది అమ్మ. నేను రోము అని, రాజు అని మొదలుపెట్టి, రాణి పేరు చెప్పబోయాను. అమ్మ నా నోరు మూసింది, పేడ వాసన చేత్తో. "పేరు చెప్పకు. ఆమెకు పేరున్నది. అండాలు." అమ్మ వద్దన్నది కాబట్టి ఆ పేరు నేను ఇక్కడ కూడా రాయడం లేదు. మళ్ళీ తానే అడిగింది. "గామె గూడ మొగుని కంటె ముందే పోయిందా?" పోయిందన్నాను. "ఆ రాజు మల్ల చేసుకున్నడా?" చేసుకోలేదట, పుస్తకాల్లో అట్లా ఉంది అన్నాను. అమ్మ కొంగుతో బిళ్ళ తుడిచింది. "చేసుకోడు. రాజు గదా, ఇల్లు సూడనీకె దాసీలుంటరు. మీ బాపుకు బర్లున్నయి." అంతలోనే గొంతు తగ్గించి, నాకెన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. అండాలు ఆఖరి రోజు జ్వరంతోనే జల్‌పల్లి నుంచి నిండుకుండ ఎత్తుకుని వచ్చిందట. ఎత్తుకున్న కుండను ఒక్కరే దించుకోలేరు, ఎదుటి మనిషి చెయ్యి పట్టాలి. వాకిట్లో నిలబడి, "జర దించయ్యో" అని పిలిచిందట. కొట్టంలో బర్రె ఈనుతోంది. బాపుకు వినబడలేదు. ఆమె పాలు పారబోయలేక, గోడకానుకుని అట్లాగే నిలబడి ఉందట, ఎంతసేపో. కుండ దించాక మంచమెక్కింది, మళ్ళీ లేవలేదు. "మీ బాపు దినాం ఈ బిళ్ళ దిక్కు సూస్తడు గని, కండ్లు కలిపి సూడడు. నువ్వు పరీక్షలు జెయ్యకు బిడ్డా. నీ బుక్కుల రాణి ఉండనీ. నా మెడల అక్క ఉండనీ."

బాపు పోయిన రోజున ఆడవాళ్ళు వచ్చి అమ్మ పుస్తెలు తీశారు. ఎవరో బిళ్ళ మీద కూడా చెయ్యి వేశారు. అమ్మ పిడికిలి బిగించి, "ఇది ఆయనది గాదు, అక్కది" అంది. అంత ఏడుపులోనూ ఆ గొంతు విని అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. అప్పటికప్పుడు నల్లదారం తెప్పించి, పిడికిట్లోంచే గుచ్చి మెడకు కట్టుకుంది.

ఇప్పుడు మేముండేది జల్‌పల్లిలో. అండాలు పాలు పోయించుకున్న ఇళ్ళూ, చేన్లూ ఏవీ లేవు. చిన్న చిన్న ప్లాట్లు, ఇంటి మీద ఇల్లు, నీళ్ళ ట్యాంకర్ల లొల్లి. నేను రిటైరయ్యాక ఇక్కడ రెండు గదులు కట్టుకుని అమ్మను తెచ్చుకున్నాను. సాబ్ లేడు. ఆయన మోయలేక మోసిన కేటలాగులన్నీ ఇప్పుడు ఫోనులో వేలితో తోస్తే వస్తున్నాయి. వస్తే ఏం? అమ్మకు మతిమరుపు మొదలై, ఒక్కొక్కరినే పోగొట్టుకుంటూ వచ్చింది. ముందు చుట్టాలు పోయారు. తర్వాత బాపు. పోయిన చలికాలం నేను పోయాను. నన్ను "మేడమ్" అంటుంది, నర్సులు అనడం విని నేర్చుకుంది. అయినా ముద్ద కలిపితే మాత్రం చెయ్యి దానంతటదే బిళ్ళ దాకా పోయేది. తల మరిచింది గానీ చెయ్యి మరవలేదని నేను ధైర్యంగా ఉన్నాను.

స్కానింగుకని నేనే ఆ దారం కోశాను. ఇంటికి వచ్చే దారిలో అవుసులాయన కాటా మీద బిళ్ళ పెట్టించాను. ఇన్నేళ్ళకు దొరికింది కదా! కేటలాగులో రాసిన దానికంటే తక్కువే తూగింది. చిల్లులు పడ్డాయి, అరిగింది, అంత తరుగు ఉండవచ్చు. నకలైనా అంతే తూగవచ్చు. వెనక వైపు ఎండలో వంచి చూస్తే నిలబడ్డ ఆడమనిషి నీడలాంటిది కనబడి, కన్ను ఆర్పితే మాయమైంది. ఉన్నప్పటిదా? పోయినంకదా? ఒక జీవితకాలం అడిగిన ప్రశ్న అరచేతిలో పెట్టుకుని కూడా నాకు జవాబు రాలేదు. బహుశా అని రాయి, పక్కా అని రాయకు. సాబ్ మాటే మిగిలింది.

కొత్తదారానికి గుచ్చి అమ్మ మెడలో వేశాను. అమ్మ దాన్ని చూసి బెదిరిపోయింది. "గిదెవరిది? నాది గాదు. పరాయి సొమ్ము నాకెందుకు, దొంగతనం నా మీద ఏస్తరు" అని తీసి విసిరేసింది. మళ్ళీ వేశాను. మళ్ళీ తీసింది. మర్నాడూ అదే. సరే, లేకుండానే తినమన్నాను. ముద్ద కలిపింది. చెయ్యి మెడ దాకా వచ్చింది, అక్కడ ఏమీ దొరకలేదు. ముద్ద పట్టుకుని అట్లాగే ఉండిపోయింది, నోటికి పోదు, పళ్ళెంలోకి రాదు. అన్నం ఎండిపోయింది. నేను తినిపించబోతే పెదవులు బిగించింది. తిట్టాను, బతిమాలాను, నా మెడలో వేసుకుని చూపించాను. స్కానింగు చూసిన డాక్టరు, "వయసమ్మా, ఏం చెయ్యలేం" అన్నాడు. ఆ మాట కోసం నేను దారం కోశానా! ఒట్టి జావ కూడా గొంతు దిగడం లేదు. మనిషి రోజురోజుకూ మంచంలో కలిసిపోతోంది. గద్దె మీది రాజుల కాలం చెప్పగలిగినదాన్ని, మా అమ్మకు ఒక్క ముద్ద పెట్టలేకపోయాను. చేతగానితనం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నేను రిటైరైన రోజు సాబ్ ఒక కవరు పంపించాడు. అందులో ఆ ప్లేటులోని రాణి ఫొటో, అరచెయ్యంత పెద్దది చేయించి. అమ్మ చెప్పిన మాట మీద దాన్ని ఇన్నాళ్ళూ చీరల కింద దాచాను. ఇప్పుడు ఇంకేం తోచక తీసి, ముద్ద పట్టుకుని కూర్చున్న అమ్మ ముందు పెట్టాను. అరగని ముఖం. అల్లిన జడ పాయలు, నడినెత్తిన చుట్ట, ముందుకొచ్చిన కింది పెదవి. అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. ఆమె కళ్ళు ఒక మనిషిని గుర్తుపట్టడం నేను చూసి ఎన్ని నెలలైంది!

"దించుండ్రే!" అని అరిచింది. "ఎప్పటి సంది నిలవడ్డది! ఎవరన్న దించుండ్రే, మెడలు గుంజుతయి దానికి!"

చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసి, రెండు చేతులూ పైకెత్తింది. ఒక్కరే దించలేరు. నేను లేచి ఎదురుగా నిలబడి, నా చేతులు ఆమె చేతుల పక్కన పెట్టాను. "పట్టినవా?" అంది. "పట్టిన" అన్నాను. ఇద్దరం మెల్లగా, చుక్క పాలు ఒలకకుండా, ఆ కుండను నేల మీదికి దించాం. అమ్మ ఉస్సురని మంచం మీద వాలింది. నేను కింద కూర్చునే ఉన్నాను.

కాసేపటికి అమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ముద్ద కలిపింది. చెయ్యి మెడ దాకా పోలేదు, నా దగ్గరికి వచ్చింది.

"తిను అక్కా" అంది. "ఎంత దూరం నడిచినవో."

చిన్నప్పుడు ఆ మొదటి ముద్ద మీద చెయ్యి వేసినందుకు నేను తిన్న దెబ్బలు లెక్కలేనన్ని. నోరు తెరిచాను. అమ్మ నా నోట్లో ముద్ద పెట్టి, నేను మింగేదాకా చూసి, అప్పుడు తన ముద్ద తాను తిన్నది. అప్పటి నుంచి రోజూ ఇట్లాగే తింటోంది. ఈ ఇంట్లో ఇప్పుడు అమ్మకు కూతురు లేదు. కూతుర్నని చెబితే ఆమె మళ్ళీ తినడం మానేస్తుంది.